అల్లోప్రెగ్ననోలోన్ దేనికి డెరివేటివ్, దేనికి పేరెంట్: కాగితం పెన్సిల్ పట్టుకుని తేల్చుకునే పద్ధతి

మా వదినకి ప్రెగ్నెన్సీ మొదటి నెలల్లో డాక్టర్ గారు ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ రాశారు, రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నారు. నాలుగు రోజులయ్యాక ఫోన్ చేసి "ఇది హార్మోన్ అన్నారు కదా, మరి వేసుకున్న కాసేపటికే మత్తుగా కళ్ళు మూతలు పడిపోతున్నాయి, ఇందులో నిద్రమాత్ర ఏమైనా కలిపారా" అని అడిగింది. పైగా డబ్బా మీద న్యాచురల్ అని రాసుంది, న్యాచురల్ అంటే మొక్కల మందా అని ఇంకో ప్రశ్న. నేను బల్క్ డ్రగ్ వైపు సింథసిస్ ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ఇంట్లో ఇలాంటివన్నీ నా దగ్గరకే వస్తాయి. నిద్రమాత్ర ఏమీ కలపలేదు వదినా, నోట్లో వేసుకున్న ప్రొజెస్టెరాన్‌లో కొంత పేగులు, లివర్ దాటేలోపే అల్లోప్రెగ్ననోలోన్ అనే ఇంకో పదార్థంగా మారిపోతుంది, మత్తు దానిదే అని చెప్పా. అంతటితో ఆగలేదు, "అంటే అది దీని డెరివేటివ్వా" అంది (తను బీఎస్సీ చదివింది; డెరివేటివ్ అంటే ఒక పదార్థం నుంచి వచ్చిన ఇంకో పదార్థం, ఆ మొదటిది పేరెంట్). అవును అనేశాను కానీ ఫోన్ పెట్టేశాక ఆ అవునులో నాలుగు రకాల అవును ఉన్నాయని అనిపించింది, మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే తికమక పడతారు. అందుకే మెట్టు మెట్టుగా రాస్తున్నా, ఎమ్మెస్సీ, బీఫార్మసీ వాళ్ళకి బాగా పనికొస్తుంది, ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్ళు కూడా ఫాలో అవ్వొచ్చు.

ముందే ఒక మాట. డెరివేటివ్ అన్నది చుట్టరికం లాంటి మాట. ఒకావిడని చూపించి "ఈవిడ కూతురా" అని అడిగితే "ఎవరికి" అనే కదా మనం తిరిగి అడుగుతాం. అలాగే ఏ అణువునైనా చూపించి ఇది డెరివేటివ్వా అంటే వెంటనే అడగాల్సింది దేనికి అని, ఆ తర్వాత ఏ లెక్కన అని. ఈ రెండూ అడగకుండా మొదలుపెట్టిన వాదన ఎప్పటికీ తెగదు, నేను సెమినార్ హాళ్ళలో బోలెడు చూశా.

మొదటి మెట్టు: అస్థిపంజరం గీయండి

స్టెరాయిడ్ అంటే నాలుగు రింగులు, మూడు ఆరుకోణాలవి, చివరిది ఐదుకోణాలది. ఈ నాలుగు రింగుల్లో కలిపి 17 కార్బన్లు. వాటి మీద 18, 19 నంబర్ల మిథైల్స్ రెండు కూర్చుంటాయి, 17వ కార్బన్ నుంచి 20, 21 అని చిన్న తోక, మొత్తం 21. ఈ 21 కార్బన్ల చట్రం పేరు ప్రెగ్నేన్. మనకి కావాల్సిన పదార్థాలన్నీ ఈ ఇంటివే. నంబర్లు మాత్రం తప్పకుండా వేసుకోండి, 3, 4, 5, 11, 19, 20, 21 వీటి చుట్టూనే కథంతా తిరుగుతుంది. చేత్తో గీయకుండా సాఫ్ట్‌వేర్‌లో లాగేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ తలకెక్కదు, ఒకసారి కాగితం మీద గీయండి.

రెండో మెట్టు: హైడ్రోజన్ల జమాఖర్చు

ఇది నాకు చాలా ఇష్టమైన మెట్టు, ఎందుకంటే కూడికలు తీసివేతలు వస్తే చాలు. శరీరంలో దారి కొలెస్టరాల్‌తో మొదలవుతుంది, దాని లెక్క కార్బన్ 27, హైడ్రోజన్ 46, ఆక్సిజన్ 1. మైటోకాండ్రియాలో ఒక ఎంజైమ్ దాని పక్క గొలుసులోంచి 6 కార్బన్ల ముక్క కత్తిరిస్తే మిగిలేది ప్రెగ్నెనొలోన్, కార్బన్ 21, హైడ్రోజన్ 32, ఆక్సిజన్ 2. తర్వాత 3వ స్థానంలో ఉన్న ఓహెచ్ కాస్తా కీటోన్ అవుతుంది, 5-6 మధ్య ఉన్న డబుల్ బాండ్ 4-5 మధ్యకి జరుగుతుంది, రెండు హైడ్రోజన్లు పోయాయి, అదే ప్రొజెస్టెరాన్, 21, 30, 2. ఇప్పుడు 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ వచ్చి ఆ డబుల్ బాండ్ మీద రెండు హైడ్రోజన్లు ఎక్కిస్తుంది, అది డైహైడ్రోప్రొజెస్టెరాన్, 21, 32, 2, ఇది వెనక్కి తిరగని మెట్టు. చివరికి 3-ఆల్ఫా హైడ్రాక్సీస్టెరాయిడ్ డీహైడ్రోజినేజ్ 3వ స్థానంలోని కీటోన్‌ని మళ్ళీ ఓహెచ్ చేస్తుంది, ఇంకో రెండు హైడ్రోజన్లు, 21, 34, 2. వచ్చేసింది అల్లోప్రెగ్ననోలోన్, అణుభారం సుమారు 318.5.

ప్రొజెస్టెరాన్‌కి 30 హైడ్రోజన్లు, దీనికి 34. నాలుగు ఎక్కువ. అందుకే దీని ఇంకో పేరు టెట్రాహైడ్రోప్రొజెస్టెరాన్, టెట్రాహైడ్రో అంటే నాలుగు హైడ్రోజన్లు చేరినది అనే అర్థం, పేరులోనే తల్లి పేరు చెప్పేసింది. కానీ అదే అణువుకి ఐయూపీఏసీ (రసాయనాల పేర్లకి నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) ధోరణిలో రాసే పేరు చూడండి, 3-ఆల్ఫా-హైడ్రాక్సీ-5-ఆల్ఫా-ప్రెగ్నాన్-20-ఓన్. ఇందులో ప్రొజెస్టెరాన్ ఊసే లేదు, ప్రెగ్నేన్ అనే చట్రానికి ఒక ఓహెచ్, ఒక కీటోన్ తగిలించినది అంటోంది. పదార్థం ఒకటే, ఒక పేరు పుట్టిల్లు చెప్తే ఇంకోటి చట్రం చెప్తోంది, రెండూ నిజాలే. అల్లో అన్న ముక్క కూడా ఊరికే పెట్టింది కాదు, పాతరోజుల్లో 5-ఆల్ఫా ప్రెగ్నేన్‌ని అల్లోప్రెగ్నేన్ అనేవాళ్ళు, అది అలా ఉండిపోయింది.

మూడో మెట్టు: ఏ లెక్కన డెరివేటివ్ అంటున్నారో పట్టుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం, గొడవంతా ఇక్కడే.

ఒకటి శరీరం లెక్క. ఒక ఎంజైమ్ ఒకదాన్ని పట్టుకుని ఇంకోటిగా మారుస్తుంది, రెండోది మొదటిదానికి మెటబొలైట్. ఇది నిజంగా జరిగే పని కాబట్టి పరీక్ష కూడా పెట్టొచ్చు, ఎంజైమ్‌ని ఆపేస్తే ఆ పదార్థం తగ్గాలి. చిట్టెలుకల్లో ప్రొజెస్టెరాన్ ఇస్తే ఫిట్స్ తగ్గుతాయి, కానీ 5-ఆల్ఫా రిడక్టేజ్‌ని ఆపే ఫినాస్టెరైడ్ (జుట్టు రాలడానికి, ప్రోస్టేట్‌కి వాడే మందు) ముందే ఇస్తే ఆ ఫలితం పోతుంది. అంటే ఫిట్స్ ఆపింది తల్లి కాదు కూతురు అన్నమాట. వదిన మత్తు సంగతి కూడా ఇదే దారిలో అర్థం చేసుకోవాలి.

రెండోది కాగితం లెక్క. ఈ చట్రంలో ఇక్కడ ఇది తీసి అది పెడితే ఈ రెండో అణువు వస్తుంది అని ఊహించుకోవడం. ఏ ఎంజైమూ అక్కర్లేదు, ఏ ఫ్లాస్కూ అక్కర్లేదు, ప్రపంచంలో ఎవరూ అలా చెయ్యకపోయినా పర్లేదు. డేటాబేస్‌లలో ఉండేది ఎక్కువగా ఈ లెక్కే, ఉదాహరణకి కెబీ అనే రసాయనాల డేటాబేస్‌లో "ఫంక్షనల్ పేరెంట్" అనే సంబంధం ఉంటుంది, ఫలానాదాన్ని ఫలానాదాని నుంచి గ్రూపుల మార్పుతో వచ్చినట్టు చూడొచ్చు అని దాని భావం. "వచ్చింది" అనట్లేదు, "వచ్చినట్టు చూడొచ్చు" అంటోంది. ఈ తేడా దాటేసి డేటాబేస్ చూపించి శరీరంలో కూడా ఇలాగే తయారవుతుంది అనేవాళ్ళు చాలామంది.

మూడోది ఫ్యాక్టరీ లెక్క, అంటే ఏ స్టార్టింగ్ మెటీరియల్ నుంచి చేశారు అనేది. న్యాచురల్ అనే మాట కథ ఇక్కడుంది. 1940ల్లో రసెల్ మార్కర్ అనే అమెరికన్ కెమిస్ట్ మెక్సికోలో దొరికే అడవి దుంపల్లోని డయోస్జెనిన్ అనే పదార్థాన్ని ప్రొజెస్టెరాన్‌గా మార్చే దారి కనిపెట్టాడు, ఆ దుంపలు మన పెండలం జాతివే. 1944లో మెక్సికో సిటీలో సింటెక్స్ కంపెనీ ఆ దారి మీదే మొదలైంది. అక్కడ ప్రొజెస్టెరాన్ కచ్చితంగా డయోస్జెనిన్ డెరివేటివ్వే, కానీ ఫ్లాస్కులో మాత్రమే. మన శరీరంలో డయోస్జెనిన్‌ని ప్రొజెస్టెరాన్ చేసే ఎంజైమ్‌లు లేవు. మెంతుల్లో కూడా డయోస్జెనిన్ ఉంటుంది, అది చూసి మెంతులు తింటే ప్రొజెస్టెరాన్ పెరుగుతుందని వీడియోలు చేస్తున్నారు, దయచేసి నమ్మకండి, ఫ్యాక్టరీలో జరిగే ఆక్సిడేషన్లు, కోతలు కడుపులో జరగవు. మెంతులు పులుసులోకి, పచ్చడిలోకి బ్రహ్మాండంగా ఉంటాయి, దానికి ఇది సాకు అక్కర్లేదు. డబ్బా మీద న్యాచురల్ అంటే మనలో పుట్టే ప్రొజెస్టెరాన్‌తో అణువు అణువుగా ఒకటే అని అర్థం, ఎక్కడి నుంచి చేశారన్నది వేరే సంగతి.

నాలుగోది చట్టం లెక్క. అది చివర్లో.

నాలుగో మెట్టు: ఐసోమర్‌ని డెరివేటివ్ అనేముందు ఆగండి

రెండో మెట్టులో మీరు గమనించారో లేదో, ప్రెగ్నెనొలోన్ 21, 32, 2, డైహైడ్రోప్రొజెస్టెరాన్ కూడా 21, 32, 2. ఫార్ములా ఒకటే, మనుషులు వేరు, ఇలాంటివాటినే ఐసోమర్లు అంటారు. ఫార్ములా చూసి చుట్టరికం తేల్చకూడదు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకా సూక్ష్మంగా వెళ్తే, 3వ స్థానంలో ఓహెచ్ రింగుకి కింద ఉంటే ఆల్ఫా, పైన ఉంటే బీటా. 5వ స్థానంలో హైడ్రోజన్ కూడా అంతే. రెండు రెళ్ళు నాలుగు, కాబట్టి ఈ అణువుకి నలుగురు తోబుట్టువులు. 3-ఆల్ఫా 5-ఆల్ఫా మన అల్లోప్రెగ్ననోలోన్. 3-ఆల్ఫా 5-బీటా ప్రెగ్ననోలోన్ (పైన చెప్పిన ప్రెగ్నెనొలోన్ కాదు, ఆ పేర్లు పెట్టినవాళ్ళని ఏమనాలో, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరమే తేడా, బాటిల్ లేబుల్ రాసేటప్పుడు రెండుసార్లు చూసుకోండి). 3-బీటా 5-ఆల్ఫా ఐసోప్రెగ్ననోలోన్, నాలుగోది ఎపిప్రెగ్ననోలోన్. వీటిలో 3-ఆల్ఫా ఉన్న రెండూ మెదడులో గాబా-ఎ రిసెప్టర్‌ని బలపరుస్తాయి, అంటే క్లోరైడ్ లోపలికి ఎక్కువగా వెళ్ళి నాడీకణం నెమ్మదిస్తుంది, మత్తు, ఆందోళన తగ్గడం, ఫిట్స్ ఆగడం అన్నీ అందులోంచే. ఒక్క ఓహెచ్‌ని పైకి తిప్పి ఐసోప్రెగ్ననోలోన్ చేస్తే ఆ పని చెయ్యదు సరికదా, అల్లోప్రెగ్ననోలోన్ చేసే పనికి అడ్డుపడుతుంది. అక్కాచెల్లెళ్ళే, ఒకరికొకరు డెరివేటివ్ అనడం కన్నా ఎపిమర్లు (ఒక్క చోట మాత్రమే దిశ మారిన ఐసోమర్లు) అనడమే సరైన మాట.

ఐదో మెట్టు: న్యూరోస్టెరాయిడ్ అనే మాట ఎక్కడిది చూసుకోండి

త్వరగా చెప్పేస్తా. న్యూరోస్టెరాయిడ్ అన్నది నిర్మాణాన్ని బట్టి పెట్టిన పేరు కాదు, ఎక్కడ తయారవుతుందో దాన్ని బట్టి పెట్టింది. 1941లోనే హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ప్రొజెస్టెరాన్ లాంటి స్టెరాయిడ్లు ఎలుకల్ని మత్తులోకి పంపుతాయని చూపించాడు. 1981లో ఫ్రాన్స్‌లో ఎటియెన్-ఎమిల్ బోలియూ బృందం ఎలుకల మెదడులోనే స్టెరాయిడ్లు తయారవుతున్నాయని గమనించి ఈ పేరు పెట్టింది. అవి గాబా రిసెప్టర్ మీద బార్బిట్యురేట్లు అనే పాత నిద్రమందుల మాదిరి పనిచేస్తాయని 1986లో మజెవ్‌స్కా అనే పరిశోధకురాలు, ఆవిడ సహచరులు సైన్స్ పత్రికలో రాశారు. అందుకని ఒకటి న్యూరోస్టెరాయిడ్ అయినంత మాత్రాన దాని డెరివేటివ్ కూడా న్యూరోస్టెరాయిడ్ అయిపోదు. ల్యాబ్‌లో చేసి మెదడు మీద పనిచేసేవాటిని న్యూరోయాక్టివ్ స్టెరాయిడ్ అంటే క్షేమం.

అలాగే సహజ డెరివేటివ్ అంటే తల్లి బుద్ధులే వస్తాయనుకోవద్దు. ప్రెగ్నెనొలోన్‌కి ఒక సల్ఫేట్ తగిలిస్తే ప్రెగ్నెనొలోన్ సల్ఫేట్, శరీరమే చేస్తుంది, 21, 32, ఆక్సిజన్ 5, సల్ఫర్ 1. అది గాబా-ఎ ని అణిచేస్తుంది, నాడీకణాన్ని హుషారు చేసే ఎన్ఎండీఏ రిసెప్టర్‌ని ఉత్తేజపరుస్తుంది, అంటే అల్లోప్రెగ్ననోలోన్ దారికి పూర్తి ఎదురు. ఒకే కొలెస్టరాల్ మనవరాళ్ళు ఇద్దరూ. ఆన్‌లైన్‌లో ప్రెగ్నెనొలోన్ సప్లిమెంట్ డబ్బాలు అమ్ముతున్నారు, ఒంట్లోకి వెళ్ళాక అది ఏ దారి పడుతుందో మీ చేతిలో ఉండదు, డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి.

ఆరో మెట్టు: ల్యాబ్ వాళ్ళు చేసిన డెరివేటివ్‌లని ఒక్కో మార్పుగా చదవండి

ఇప్పుడు అసలు పని. ప్రతి మార్పుకీ రెండు ప్రశ్నలు, ఏది మారింది, ఎందుకు మార్చారు.

ముందు బ్రెక్సనొలోన్. 2019 మార్చిలో అమెరికాలో ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే సంస్థ) ఆమోదించింది, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కి. ఏది మారింది? ఏమీ మారలేదు. అది అల్లోప్రెగ్ననోలోనే, మందుగా పెట్టిన పేరు వేరు అంతే, డెరివేటివ్ అని రాస్తే తప్పు. నీళ్ళలో కరగదు కాబట్టి సల్ఫోబ్యుటైల్‌ఈథర్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర గిన్నెలో కూర్చోబెట్టి సెలైన్ మాదిరి 60 గంటలు ఎక్కించేవాళ్ళు, 2024 చివర్లో కంపెనీ దీని అమ్మకం ఆపేసింది. ఆ గిన్నెతో దీనికి బాండ్ ఏమీ లేదు, కాబట్టి కాంప్లెక్స్. విచిత్రం ఏంటంటే ఆ సీసాలో డెరివేటివ్ ఒకటి నిజంగానే ఉంది, అది ఆ గిన్నె, బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌కి డెరివేటివ్. కాన్పు తర్వాత ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోతుంది, దాంతో అల్లోప్రెగ్ననోలోన్ కూడా, ఆ లోటుని కొన్ని రోజులు నిలబెట్టడం వెనకున్న ఆలోచన. మన ఇళ్ళలో బాలింత ఊరికే ఏడుస్తుంటే "దిష్టి తగిలింది, పచ్చి ఒళ్ళు కదా" అని వదిలేస్తారు, ఇది రసాయనాల్లో వచ్చే మార్పు కూడా అని, వైద్యం ఉందని ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి.

తర్వాత గనాక్సొలోన్. అల్లోప్రెగ్ననోలోన్ 3వ స్థానంలో పైన, అంటే బీటా వైపు ఒక మిథైల్ పెట్టారు. లెక్క 22, 36, 2. ఎందుకు? రెండో మెట్టులో చివరి ఎంజైమ్ గుర్తుందా, కీటోన్‌ని ఓహెచ్ చేసేది. శరీరంలో అదే ఓహెచ్‌ని తిరిగి కీటోన్ చేసే పని కూడా జరుగుతుంది, అలా జరిగితే గాబా మీద పని పోతుంది, పైగా హార్మోన్ గుణం వైపు వెళ్ళే దారి తెరుచుకుంటుంది. మిథైల్ పెట్టగానే అది టెర్షియరీ ఆల్కహాల్ అయిపోయింది, ఆ కార్బన్ మీద తీసెయ్యడానికి హైడ్రోజన్ లేదు, కాబట్టి కీటోన్ అవ్వలేదు. ఒక్క మిథైల్‌తో తలుపుకి గొళ్ళెం పెట్టేశారు. నాకు మెడిసినల్ కెమిస్ట్రీ మీద ప్రేమ పుట్టింది ఇలాంటివి చూసే. 2022 మార్చిలో సీడీకేఎల్5 లోపం అనే అరుదైన జబ్బులో పిల్లలకి వచ్చే ఫిట్స్‌కి ఆమోదం వచ్చింది, నోటితో తాగించే మందు.

మూడోది జురనొలోన్, 2023 ఆగస్టులో ఆమోదం, అదే కాన్పు తర్వాతి డిప్రెషన్‌కి, రాత్రిపూట కొవ్వు ఉన్న భోజనంతో 50 మిల్లీగ్రాముల మోతాదు, 14 రోజులు. మత్తు వల్ల వేసుకున్నాక 12 గంటలు బండి నడపకూడదని గట్టి హెచ్చరిక ఉంది. దీని లెక్క కట్టి చూద్దాం, పెన్సిల్ తీసుకోండి. 21, 34, 2 దగ్గర మొదలు. 19వ మిథైల్ తీసేసి హైడ్రోజన్ పెట్టారు (నార్ అంటే కార్బన్ పోయిందని గుర్తు), 20, 32, 2. గనాక్సొలోన్‌లో లాగే 3-బీటా మిథైల్ పెట్టారు, మళ్ళీ 21, 34, 2. ఇప్పుడు 21వ కార్బన్ మీద ఒక హైడ్రోజన్ తీసి సయనోపైరజోల్ రింగు తగిలించారు, ఆ ముక్క కార్బన్ 4, హైడ్రోజన్ 2, నైట్రోజన్ 3. మొత్తం కార్బన్ 25, హైడ్రోజన్ 35, నైట్రోజన్ 3, ఆక్సిజన్ 2. సరిపోయింది, అణుభారం సుమారు 409.6.

లెక్క సరిపోయింది కదా, అల్లోప్రెగ్ననోలోన్ డెరివేటివ్ అని రాసేద్దామా? వార్తల్లో అలాగే రాశారు. కానీ 5వ స్థానం చూడండి, జురనొలోన్‌లో అక్కడ బీటా. అంటే చట్రం అల్లోప్రెగ్ననోలోన్‌ది కాదు, తోబుట్టువు ప్రెగ్ననోలోన్‌ది, మొదటి రెండు రింగులు చదునుగా కాకుండా వంగి ఉంటాయి. హైడ్రోజన్ల లెక్క దీన్ని ఎప్పటికీ పట్టుకోదు, ఎందుకంటే ఇద్దరి ఫార్ములా ఒకటే. ఇది నేను కూడా మొదట్లో తప్పు చెప్పా, పూర్తి పేరు అక్షరం అక్షరం చదివాకే తెలిసింది. కాగితం లెక్కన దీని పేరెంట్ ప్రెగ్ననోలోన్, పనిచేసే తీరులో అల్లోప్రెగ్ననోలోన్‌కి అనలాగ్ (పోలిక ఉన్న అణువు), ఇలా విడదీసి రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ఏడో మెట్టు: చట్టం ఏమంటుందో వేరేగా రాసుకోండి

హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఇది అవసరం. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డి) 2005 సవరణతో ఇప్పుడున్న రూపానికి వచ్చింది. దాని వివరణలో సాల్టులు, ఎస్టర్లు, ఈథర్లు, పాలిమార్ఫ్‌లు, మెటబొలైట్లు, ఐసోమర్లు, కాంప్లెక్సులు, "ఇతర డెరివేటివ్‌లు" అన్నిటినీ తెలిసిన పదార్థం కిందే లెక్కేస్తారు, ఎఫికసీలో గణనీయమైన తేడా చూపిస్తే తప్ప. ఆ ఎఫికసీ అంటే మందుల విషయంలో రోగం మీద పనిచేసే శక్తే అని 2013లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు మన నాలుగో మెట్టు గుర్తు చేసుకోండి, అక్కడ ఐసోమర్‌ని డెరివేటివ్ అనొద్దు అన్నా, బ్రెక్సనొలోన్ దగ్గర కాంప్లెక్స్‌ని డెరివేటివ్ అనొద్దు అన్నా. చట్టం మాత్రం వాటన్నిటినీ ఒకే గాటన కట్టి "ఇతర డెరివేటివ్‌లు" అంది. కెమిస్ట్ రిపోర్టులో కెమిస్ట్రీ అర్థం, లీగల్ డ్రాఫ్ట్‌లో చట్టం అర్థం, ఒకదాని మాట ఇంకోదాంట్లోకి కాపీ పేస్ట్ చెయ్యకండి.

చేసి చూడండి

అల్ఫాక్సలోన్ అని ఒక మత్తు మందు ఉంది. 1970ల్లో ఆల్థెసిన్ పేరుతో ఇంకో స్టెరాయిడ్‌తో కలిపి ఆపరేషన్లలో వాడేవాళ్ళు, కరిగించడానికి వేసిన క్రెమోఫోర్ వల్ల తీవ్రమైన అలెర్జీలు వచ్చి 1984లో ఆపేశారు, ఇప్పుడు సైక్లోడెక్స్‌ట్రిన్‌లో కరిగించి కుక్కలకి పిల్లులకి ఇస్తున్నారు. అల్లోప్రెగ్ననోలోన్ 11వ స్థానంలో ఉన్న రెండు హైడ్రోజన్లు తీసి ఒక ఆక్సిజన్‌ని కీటోన్‌గా పెడితే అదే. లెక్క కట్టండి, 21, 32, 3 రావాలి. భారం కడితే సుమారు 332.5. ఇప్పుడు పైకి వెళ్ళి గనాక్సొలోన్ భారం కట్టండి, అది కూడా 332.5. మామూలు మాస్ స్పెక్‌లో (అణువుల భారం కొలిచే యంత్రం) రెండూ ఒకే చోట కనిపిస్తాయి, హై రిజొల్యూషన్‌లో అయితే గనాక్సొలోన్ 332.2715, అల్ఫాక్సలోన్ 332.2351, ఆ 0.0364 తేడా కార్బన్ ఒకటి హైడ్రోజన్లు నాలుగుకి ఆక్సిజన్ ఒకటికి మధ్య ఉండే తేడా. ల్యాబ్‌లో 332 పీక్ వస్తే నాలుగో దశాంశం దాకా చూడకుండా బాటిల్ మీద పేరు రాయకండి.